పాట చివర తలుపు చప్పుడు

ఆమె ఆ రికార్డును తువ్వాలులో చుట్టి తెచ్చింది. బల్ల మీద పెట్టిన తర్వాత కూడా దాని మీద నుంచి చెయ్యి తీయలేదు.

"ఇందులో మా ఆయన తలుపు తడుతున్నాడు," అంది. "ఆయన పోయి మూడు నెలలైంది."

మార్జరీ ఫెంటన్ చేతిలో పెన్సిలు ఆగింది. హాలీవుడ్‌లో చెప్పుల దుకాణం పైనున్న ఆ చిన్న ఆఫీసుకి వచ్చేవాళ్ళు రకరకాలుగా మాట మొదలుపెడతారు. ఇలా మొదలుపెట్టినవాళ్ళను ఆమె చూడలేదు. తన యజమాని, ప్రైవేటు డిటెక్టివ్ రూబెన్ కాల్డెరోన్ వైపు చూసింది. ఆయన నవ్వలేదు, ఓదార్చలేదు. కప్పులో కాఫీ పోసి వచ్చినామె ముందుకు జరిపి, చెప్పమన్నట్టు తల ఊపాడు. మార్జరీకి ఆయనలో మొదటి నుంచీ నచ్చిన గుణం అదే. ఎవరి మాటనైనా చివరిదాకా వింటాడు.

వచ్చినామె పేరు నడీన్ టటిల్. భర్త ఓరిన్ డ్రమ్మరు. "మీరు ఆయన పేరు విని ఉండరు. కానీ ఆయన వాయించింది వినకుండా మీకు ఒక్క రోజు కూడా గడిచి ఉండదు," అంది.

అది నిజమే. లాస్ ఏంజెలెస్‌లో అప్పట్లో పాటల వ్యవహారం అలాగే నడిచేది. రికార్డు అట్ట మీద ఫొటో జుట్టు పెంచుకున్న కుర్రాళ్ళది. లోపల వాయించేది సెషన్ వాయిద్యకారులు. వాళ్ళు పొద్దున సబ్బు ప్రకటనకి వాయిస్తారు, మధ్యాహ్నం సినిమాకి, సాయంత్రం కుర్రాళ్ళ పాటకి. వాళ్ళ పేర్లు ఎక్కడా వేయరు. ఆ ఏడాది, అంటే పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టుండే గొంతులూ, వెనక్కి పరుగెత్తే గిటార్లూ ఉంటేనే పాట అనిపించుకునేది. టిన్ పెలికన్స్ అనే బృందం పాట 'గాజు తోటలో ఆదివారం' ఏ కారు పక్కనుంచి పోయినా వినిపించేది. అందులో డ్రమ్ములు ఓరిన్‌వి.

ఆయన ఆ స్టూడియోలోనే చనిపోయాడు. స్టూడియో వెనక ఎకో గది ఉంది. నున్నటి గోడల సిమెంటు గది. అందులో ఒక స్పీకరు, ఒక మైకు పెట్టి ఉంచుతారు. స్పీకర్లో పాట వేస్తే గోడలకి తగిలి మారుమోగేది మైకులోంచి తిరిగి వస్తుంది. పాటల్లో వినిపించే ప్రతిధ్వని అలా పుడుతుంది. ఆ శుక్రవారం పొద్దున గది గోడలకి కొత్తగా వార్నిష్ వేశారు. ఓరిన్‌కి ఉబ్బసం, ఆ ఘాటు పడదు. శనివారం ఉదయం సౌండ్ ఇంజనీరు ఆ గదిలో ఆయన శవాన్ని చూశాడు. తలుపు దగ్గరగా వేసి ఉందనీ, బయట గొళ్ళెం పడి లేదనీ చెప్పాడు.

"తోస్తే వచ్చే తలుపు. అయినా బయటికి రాలేదు. అంటే రావాలనుకోలేదు. విచారణలో వాళ్ళు అన్నదదే," అంది నడీన్. కాసేపు కప్పులోకి చూసింది. "ఆ రోజు పొద్దున మేం పోట్లాడుకున్నాం. సాయంత్రం ఇంటికి రానక్కర్లేదన్నాను. పోట్లాట ఎందుకొచ్చిందో కూడా ఇప్పుడు గుర్తు లేదు."

రికార్డు సంగతి తర్వాత చెప్పింది. భర్త వాయించిన ఆఖరి పాట కదా అని రోజూ వింటోందట. నిన్న ప్లేయరు తిరగడం ఆపి, ముల్లు ఎత్తడం మరిచిపోయి, గుడ్డతో దుమ్ము తుడవబోయిందట. చేతి కింద రికార్డు వెనక్కి తిరిగింది.

"తలుపు చప్పుడైంది. లేచి వెళ్ళి వీధి తలుపు తీశాను. బయట ఎవరూ లేరు."

కాల్డెరోన్ ఆఫీసు ప్లేయరు మీద ఆ రికార్డు పెట్టాడు. పాట చివర వాయిద్యాలన్నీ ఒక్కొక్కటే తప్పుకుని డ్రమ్ములు మాత్రం మిగిలాయి. వాటి మధ్య ఎవరో ఊపిరి పీల్చినట్టు ఒక శబ్దం ఉబ్బి, టక్కున తెగుతోంది. ఊరంతా మెచ్చుకుంటున్న శబ్దం అదే. ప్లేయరు తిరగడం ఆపి, వేలితో రికార్డును మెల్లగా వెనక్కి తిప్పాడు. రెండు దెబ్బలు వెంటవెంటనే పడ్డాయి. కాస్త ఆగి ఒకటి. ఆఖరిది రావలసినదాని కన్నా ఆలస్యంగా.

మార్జరీ తనకి తెలియకుండానే ఆఫీసు తలుపు వైపు చూసింది.

"మీకు ఏం తెలియాలమ్మా?" అని అడిగాడు కాల్డెరోన్.

"ఆయన నన్ను వదిలి పోవాలనుకున్నాడో లేదో," అంది నడీన్. "అదొక్కటి చాలు."

*

లార్క్‌స్పర్ స్టూడియోలో నిర్మాత డాల్టన్ ప్రూయిట్ ఎదురొచ్చి మరీ చేతులు కలిపాడు. ఆరెంజి రంగు చొక్కా, మెళ్ళో పూసలు. వయసు మాత్రం పూసలు వేసుకునేది కాదు. ఓరిన్ పేరెత్తగానే ముఖం దిగాలుగా పెట్టాడు. బంగారం లాంటి మనిషన్నాడు. తమ మధ్య గొడవలేం లేవన్నాడు. పాట చివరి శబ్దం సంగతి అడిగేసరికి మళ్ళీ వెలిగాడు.

"అది గుండె చప్పుడండీ. నా ఆలోచనే. రేడియోవాళ్ళకి కూడా చెప్పాను. వినిపిస్తాను, ఉండండి."

టేపు చక్రం తీసి యంత్రానికి ఎక్కించబోయాడు. టేపు ఒక కప్పీ కింద నుంచి పోనిచ్చాడు, రెండోది దాటేశాడు, చివరికి వేలికి చుట్టుకుంది. "వెర్నర్!" అని కేకేశాడు. "ఈ యంత్రాల జోలికి మనం పోకూడదు. ఇంజనీరు తప్ప ఎవరు ముట్టుకున్నా యూనియన్‌వాళ్ళు ఊరుకోరు."

సౌండ్ ఇంజనీరు వెర్నర్ కూబిక్ వచ్చి, నిర్మాత వేలి నుంచి టేపును జాగ్రత్తగా విప్పాడు. ఇస్త్రీ చొక్కా, సన్నటి టై, శుభ్రంగా కత్తిరించుకున్న గోళ్ళు. మాట తక్కువ మనిషిలా కనిపించాడు. కానీ పాట మొదలయ్యాక అతన్ని ఆపడం కష్టమైంది. గొంతు అలా తిరుగుతోందే, అది ఆర్గన్ స్పీకర్లోంచి పంపాను. ఈ గిటారు టేపు నెమ్మదిగా తిప్పి తీసుకున్నాను, అందుకే గంటల్లా వినిపిస్తోంది. ఇక్కడ ప్రతిధ్వని శబ్దం కన్నా ముందే వస్తోంది విన్నారా, అది టేపు తిరగేసి ఎకో గదిలోకి పంపి, మళ్ళీ సరిగ్గా తిప్పాను. పసిపిల్లల ముచ్చట్లు చెప్పే తండ్రిలా ఒక్కొక్కటే చెప్పుకుపోయాడు.

పాట చివరికొచ్చింది. ఆ శబ్దం ఉబ్బి తెగింది.

"మరి ఇది?" అన్నాడు కాల్డెరోన్.

"అది ప్రూయిట్ గారి ఆలోచన," అని కూబిక్ టేపు ఆపేశాడు.

శుక్రవారం ఏం జరిగిందో ఇద్దరూ ఒకేలా చెప్పారు. సెషన్ అయ్యాక అంతా వెళ్ళిపోయారు. ప్రూయిట్ తను సముద్రం ఒడ్డుకి వెళ్ళానన్నాడు. కూబిక్ తాళం వేసి ఇంటికి పోయానన్నాడు. ఎకో పని సోమవారం చేశానని అడక్కుండానే చెప్పాడు.

బయటికొచ్చేటప్పుడు మార్జరీ, "ప్రూయిట్ ఏదో దాస్తున్నాడు సార్," అంది.

"అందరూ ఏదో దాస్తారు. ఏది దాస్తున్నారన్నదే మనకి కావాలి," అన్నాడు కాల్డెరోన్.

*

లూథర్ బిగ్స్ ఆ పాటలో బాస్ గిటారు వాయించినవాడు. వాట్స్ పేటవాడు, ఓరిన్ స్నేహితుడు. స్టూడియో ఎదురు హోటల్లో చిల్లీ వేసిన బర్గరు తింటూ దొరికాడు. టిన్ పెలికన్స్ డ్రమ్మరు రాబిన్ స్కాగ్స్ కూడా అక్కడే ఉన్నాడు. బుగ్గలు ఇంకా నున్నగా ఉన్న కుర్రాడు.

"ఆ చివరి శబ్దం నేనే సార్," అన్నాడు స్కాగ్స్. "చెక్క పెట్టె మీద కణుపులతో కొట్టాను."

"కొట్టావా?" అన్నాడు లూథర్ నమలడం ఆపకుండా. "ఒరేయ్ అబ్బాయ్, ఆ వారమంతా నువ్వు శాన్ డియేగోలో ఆడపిల్లలకి చేతులూపుతున్నావు. పెట్టె ఇక్కడుంది, కణుపులక్కడున్నాయి. నీ చెయ్యి ఎంత పొడవురా?"

స్కాగ్స్ ముఖం ఎర్రబడింది. పత్రికవాళ్ళు అడిగితే అలా చెప్పమని ప్రూయిట్ గారే అన్నారని గొణిగాడు. డ్రమ్ములన్నీ తనవేనని ఎలాగూ చెబుతున్నాడు కదా, ఇదొకటి కలిపితే ఏమైందనుకున్నాడట.

లూథర్ మిగతాది నెమ్మదిగా చెప్పాడు. ఓరిన్ ఆ వారం ప్రూయిట్‌ని ఒక్క కోరిక కోరాడు. అట్ట వెనక చిన్న అక్షరాలతో అయినా పేరు వేయమన్నాడు. ప్రూయిట్ కేకలేశాడు. శుక్రవారం ఆఖర్న ఓరిన్ ఎకో గదిలో కాసేపు పడుకుంటానని వెళ్ళాడు. ఎప్పుడూ అక్కడే పడుకుంటాడు, ఆ భవనంలో చల్లటి చోటు అదొక్కటే. అది అందరికీ తెలుసు.

"వార్నిష్ వాసన రాలేదా?" అంది మార్జరీ.

"వాడికా? చిన్నప్పుడేదో జబ్బు చేసి ముక్కుకి వాసన తెలీకుండా పోయింది తల్లీ. విరిగిన పాలు కాఫీలో పోసుకుని బాగుందనేవాడు. విచారణలో నడీన్ ఆ మాట చెప్పింది. వాళ్ళు రాసుకోను కూడా లేదు." లూథర్ కాగితంతో చేతులు తుడుచుకున్నాడు. "అంత్యక్రియలయ్యి వారం దాటేదాకా పోలీసులు ఆ గదికి తాళం వేసే ఉంచారు."

కాల్డెరోన్ ఆ మాట దగ్గర తలెత్తాడు.

కూబిక్ భోజనానికి వెళ్ళిన సమయం చూసి ముగ్గురూ స్టూడియోలోకి వెళ్ళారు. ఎకో గదిలోకి వెళ్ళేది తనేనని మార్జరీకి లోపలికి అడుగుపెట్టాకే అర్థమైంది. వెనక తలుపు పడింది. గొళ్ళెం తనంతట తనే జారి బిగుసుకున్న చప్పుడు వినిపించింది. లోపల చిన్న దీపం ఒకటే. గోడలు తడిసినట్టు మెరుస్తున్నాయి. ఆమె ఊపిరి నాలుగు గోడలకీ తగిలి, ఇంకెవరో పక్కన నిలబడి పీలుస్తున్నట్టుగా తిరిగి వచ్చింది. తలుపు మీద కొట్టింది. పిలిచింది. మళ్ళీ కొట్టింది. వాళ్ళు తీస్తారని తెలుసు. తెలిసి కూడా ఈసారి రెండు చేతులతో కొట్టింది.

తలుపు తీసినవాడు లూథర్. "నేను చెవి ఆనించే ఉన్నాను. ఈగ వాలినంత చప్పుడు కూడా లేదు," అన్నాడు.

కాల్డెరోన్ యంత్రాల గదిలో నిలబడి ఉన్నాడు. లూథర్ చూపించిన ఎకో మీట పైకి నెట్టి ఉంది.

"మీకు వినిపించిందా సార్?"

"నీ చేతి గాజు తలుపుకి తగిలిన చప్పుడు కూడా వినిపించింది. ఈ గదిలో ఎవరైనా ఉండి, ఆ మీట పైకి ఉంటే, వినకుండా ఉండడం కుదరదు." యంత్రాల గది తలుపు మీదా ఎకో గది తలుపు మీదా ఉన్న ఎర్ర దీపాలను చూపించి అవెందుకని లూథర్‌ని అడిగాడు.

"టేపు తిరుగుతోందని గుర్తు గురూ. అది వెలిగితే ఇల్లు తగలబడుతున్నా మేం తలుపు తీయం. బడిపిల్లలకి ఎక్కాలు వచ్చినట్టు మాకు వచ్చిన విద్య అదొక్కటే."

*

బుధవారం సాయంత్రం అందరూ స్టూడియో పెద్ద గదిలో కూర్చున్నారు. ప్రూయిట్ మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు. స్కాగ్స్ నేల చూపులు చూస్తున్నాడు. నడీన్ లూథర్ పక్కన కూర్చుంది, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని. కూబిక్ గోడవారగా నిలబడ్డాడు. తలుపు దగ్గర కాల్డెరోన్‌కి తెలిసిన పోలీసు అధికారి ఒకాయన నిలబడి ఉన్నాడు. మార్జరీ అందరి ముఖాలనూ మార్చి మార్చి చూసింది. ఒక్క ముఖాన్నీ నమ్మాలనిపించలేదు.

కాల్డెరోన్ అరువు తెచ్చిన యంత్రం మీద పాట చివరి భాగం వేశాడు.

"ఈ శబ్దం ఎవరిది?"

ప్రూయిట్, స్కాగ్స్ ఒకరినొకరు చూసుకున్నారు.

"మొన్నటిదాకా ఇద్దరు యజమానులున్నారు దీనికి," అన్నాడు. తర్వాత టేపు తిప్పి పెట్టాడు. ఇప్పుడు డ్రమ్ములు ఉబ్బి ఉబ్బి వెనక్కి నడిచాయి. వాటి మధ్య శుభ్రంగా, దగ్గరగా, తలుపు మీద మనిషి చెయ్యి పడింది. రెండు. ఒకటి. ఆలస్యంగా ఇంకొకటి.

లూథర్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "ఆ ఆఖరి దెబ్బ వాడిదే. దెబ్బని అంత ఆలస్యంగా వేసేవాడు ఈ ఊళ్ళో ఇంకొకడు లేడు."

"నాది కాదండీ," అన్నాడు స్కాగ్స్ వెంటనే. "నేను అబద్ధం చెప్పాను. నాకేం తెలీదు."

ప్రూయిట్ కూడా లేచాడు. గుండె చప్పుడన్నది తర్వాత పుట్టిన కథేనన్నాడు. ఆ శుక్రవారం తను సముద్రానికి వెళ్ళలేదనీ, ఇంకో రికార్డు కంపెనీవాళ్ళతో ఉద్యోగం మాట్లాడుకుంటున్నాననీ, వాళ్ళనే అడగమనీ చెప్పాడు. అడిగామనీ, కూర్చోమనీ కాల్డెరోన్ అన్నాడు.

"ఒక చిన్న విషయం," అని అందరి వైపూ తిరిగాడు. "పాట మామూలుగా వేస్తే డ్రమ్ములు ముందుకి నడుస్తాయి, ఈ చప్పుడు వెనక్కి నడుస్తుంది. తిరగేస్తే డ్రమ్ములు వెనక్కి, చప్పుడు ముందుకి. రెండూ ఒకే టేపు మీద ముందే వాయించి పెట్టినవైతే రెండూ ఒకే వైపు నడవాలి. నడవడం లేదు. అంటే టేపు తిరగేసి, పాటని ఎకో గదిలోకి పంపుతున్న సమయంలోనే, ఆ గదిలో బతికున్న మనిషి తలుపు కొట్టాడు. గొళ్ళెం పడి ఉంది కనకే కొట్టాడు. తోస్తే వచ్చే తలుపుని ఎవరూ అలా తట్టరు."

నడీన్ కళ్ళు మూసుకుంది.

"టేపు తిరగేసింది ఎవరు? ప్రూయిట్ గారికి టేపు ఎక్కించడం కూడా రాదు, మేం చూశాం. స్కాగ్స్ ఊళ్ళో లేడు. లూథర్‌కి ఒక మీట తెలుసు, అంతే. కూబిక్ గారూ, ఎకో పని సోమవారం చేశానన్నారు. సోమవారం ఆ గదికి పోలీసుల తాళం ఉంది."

కూబిక్ టై సర్దుకున్నాడు.

"నాకు అంతకన్నా ముందే అనుమానం వచ్చింది," అన్నాడు కాల్డెరోన్ గొంతు తగ్గించి. "ఈ భవనంలో తాము చేయని పనికి కూడా అందరూ పేరు కావాలంటారు. మీరు ఆ పాటలో మీ చేతి పనులన్నీ మాకు చెప్పారు. ఒక్కటీ వదల్లేదు. అందరూ మెచ్చుకునే దాని దగ్గరికొచ్చేసరికి ఇంకొకరికి ఇచ్చేశారు. మీలాంటి మనిషి అలా ఊరికే ఇవ్వడు."

కూబిక్ అందరినీ దాటి యంత్రం వైపు చూశాడు. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎవరికో పని నేర్పుతున్నట్టు, వరసగా చెప్పాడు. ఓరిన్ లోపల పడుకున్నాడని తనకి తెలియదట. తలుపు తెరిచి ఉంటే లాగి వేశాడట. గొళ్ళెం దానంతట అది పడింది. టేపు తిరగేసి పంపడం మొదలుపెట్టాడు. పాట మధ్యలో స్పీకర్లలోంచి ఆ చప్పుడు వచ్చింది.

"ఎవరిదో అప్పుడే తెలిసింది," అన్నాడు. "కానీ ఎర్ర దీపం వెలుగుతోంది. టేపు ఆపకూడదు. ఏడాదిగా అలాంటి శబ్దం కోసమే వెతుకుతున్నాను. ఇదయ్యాక తీద్దామనుకున్నాను."

"అయ్యాక తీశావా?" అన్నాడు లూథర్.

"అది తప్పు చోట పడింది. పాట మధ్యలో. నాకు చివర కావాలి. తిరగేసిన టేపులో పాట చివరే ముందు వస్తుంది కదా. మళ్ళీ మొదటికి చుట్టి, ఇంకొక్కసారి పంపాను."

నడీన్ కళ్ళు తెరిచి అతన్నే చూసింది.

"అప్పుడూ తట్టాడా?"

"తట్టాడు. నెమ్మదిగా. రికార్డులో ఉన్నది అదే."

"తర్వాత?"

కూబిక్ మొదటిసారి తల దించుకున్నాడు. "తర్వాత పాటంతా శుభ్రంగా వచ్చింది," అన్నాడు.

టేపు అయిపోయేదాకా కూర్చున్నాడు. అప్పుడు వెళ్ళి తలుపు తీశాడు. ఆలస్యమైపోయింది. గొళ్ళెం తీసి, తలుపు దగ్గరగా వేసి, ఇంటికి వెళ్ళిపోయాడు. పొద్దున వచ్చి పోలీసులను పిలిచాడు.

పోలీసు అధికారి అతని భుజం మీద చెయ్యి వేశాడు. కూబిక్ వెళుతూ వెళుతూ అలవాటుగా యంత్రం స్విచ్ ఆపబోయాడు. లూథర్ ఆ చేతిని పట్టుకుని పక్కకి పెట్టాడు.

*

మార్జరీ నడీన్‌ని కారులో ఇంటికి దింపింది. కాల్డెరోన్ వెనక సీట్లో కూర్చున్నాడు. దారిలో ఒక కూడలి దగ్గర పక్క కారు రేడియోలో ఆ పాటే వస్తోంది. మార్జరీ అద్దం పైకి ఎత్తబోయింది. వద్దన్నట్టు నడీన్ చెయ్యి ఆనించింది. దీపం మారేదాకా ముగ్గురూ విన్నారు.

ఇంటి ముందు కారు ఆగాక ఆమె దిగలేదు.

"లూథర్ ఆ ఆఖరి దెబ్బని గుర్తుపట్టాడు," అంది. "కానీ ఆ తట్టడాన్ని గుర్తుపట్టలేదు, చూశారా? ఇన్నేళ్ళు కలిసి వాయించారు. అయినా తెలీదు."

"తెలిసే అవకాశం లేదా అమ్మా?" అన్నాడు కాల్డెరోన్.

"మా ఇంటి తలుపు తప్ప ఇంకెక్కడా అలా తట్టడు. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టాడు. తాళం చెవి జేబులో ఉన్నా సరే, తట్టి, నేను వచ్చి తీసేదాకా నిలబడేవాడు." వీధి తలుపు వైపు చూసింది. "రెండోసారికి ఆయన ఎక్కడున్నాడో ఆయనకే తెలిసి ఉండదు. ఈ తలుపే అనుకుని ఉంటాడు. రావద్దన్నా వచ్చాడు."

సంచిలోంచి తాళం చెవి తీసుకుని దిగింది. మెట్లెక్కి, తలుపు తీసి, లోపలికి వెళ్ళింది. తలుపు వేసుకున్న చప్పుడు కోసం మార్జరీ ఎదురుచూసింది. అది వినిపించలేదు. కాసేపటికి హాల్లో దీపం వెలిగింది. తెరిచి ఉన్న తలుపులోంచి ఆ వెలుగు మెట్ల దాకా వచ్చి పడింది.

"ఇక వెళ్దాం," అన్నాడు కాల్డెరోన్.